క్లారినెట్టు కోసం కొన్న మైకు

ఏసేపు ముప్పై ఏళ్ళపాటు బ్యాండు మేళంలో క్లారినెట్టు ఊదాడు. ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఆయన్ని చూడనివాళ్ళు లేరు. విన్నవాళ్ళు మాత్రం లేరు.

ఇందులో వింతేమీ లేదు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు పక్కన నాలుగడుగులు నడిచినవాళ్ళెవరైనా ఈ మాటే చెబుతారు. ముందు రెండు సైడు డ్రమ్ములు, వెనక ఒక పెద్ద డ్రమ్ము, నడుమ నాలుగు ట్రంపెట్లు, ఒక లావుపాటి ఇత్తడి బాకా. ఇన్నిటి మధ్య సన్నపాటి నల్ల గొట్టం ఒకటి. పాట ఎత్తుకునేది ఆ గొట్టమే. మలుపు తిప్పేదీ అదే, ఆపేదీ అదే. తక్కినవాళ్ళంతా దాన్ని చూసి వాయిస్తారు. చూసి అంటున్నాను గానీ విని అనడం లేదు. ఏసేపు కనుబొమ్మ ఎగరేస్తే చరణం, భుజం దించితే పల్లవి. పక్కనున్న ట్రంపెట్టువాడికే వినపడని క్లారినెట్టు వీధి చివర మేడమీద నిలబడ్డ ఆడవాళ్ళకు ఏం వినపడుతుంది? పోనీ పెళ్ళి వీడియోలోనైనా ఉంటుందా అంటే అదీ లేదు. వీడియో తీసేవాడు ఏసేపు వేళ్ళను దగ్గరికి వచ్చి మరీ తీస్తాడు. తీరా చూస్తే దానిమీద ఏదో సినిమా పాట అతికించి ఇస్తాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వెయ్యి ఇళ్ళలోనైనా అలాంటి వీడియోలు ఉంటాయి. అన్నిటిలోనూ ఏసేపు ఉన్నాడు. ఒక్కదానిలోనూ ఆయన ఊదిన పాట లేదు.

ఈ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. నవ్వుతూ చెప్పినవన్నీ నవ్వులాటకు చెప్పినవి అనుకుంటే పొరపాటు.

ఏసేపు తండ్రి చావులకు డప్పు కొట్టేవాడు. కొడుకు చేతికి డప్పు రాకూడదని మిషను బళ్ళో వేశాడు. ఆ బళ్ళో ఒక మూల పాత క్లారినెట్టు పడి ఉంది. దాన్ని ఊదడం తెలిసిన రిటైరైన పోలీసు బ్యాండు మనిషి ఒకాయన ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఈ రెండూ కలిసి ఏసేపుకు దొరకడం అదృష్టమో కాదో ఇప్పుడు చెప్పలేను. ఆ పెద్దాయన ఏడాదిపాటు ఒక్క పాట నేర్పలేదు. పొద్దున లేచి ముప్పావు గంట ఒకే స్వరం ఊదమనేవాడు, వణక్కుండా, చెదరకుండా. పెళ్ళయ్యాక కూడా ఏసేపు ఆ ముప్పావు గంట మానలేదు. భార్య ఉరుకుందమ్మ మొదటి నెలలో "ఏమయ్యా, ఇంగో పాట రాదా నీకు?" అని అడిగి, తర్వాత అడగడం మానేసింది.

ఉరుకుందమ్మ తమ్ముడు ప్రేమయ్య. పది తప్పి అక్క ఇంటికి వచ్చాడు. ఏసేపు అతనికి ట్రంపెట్టు నేర్పాడు. ట్రంపెట్టు అంతంతమాత్రమే వచ్చింది గానీ మాట బాగా వచ్చింది. పెళ్ళివాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు కింద పెట్టేలోగా మేళం కుదుర్చుకుని వచ్చేవాడు. అయిదారేళ్ళలో బాకాలూ డ్రమ్ములూ భుజాలమీద జరీ కుట్టిన ఎర్ర యూనిఫారాలూ అన్నీ అతని సొంతమయ్యాయి. ఏసేపుకు మాస్టరు అనే పేరు మిగిలింది. ఆయన ఆ పేరుతోనే కడుపు నిండినట్టు ఉండేవాడు. అలాంటివాళ్ళను చూస్తే నాకు జాలికంటే ముందు కోపం వస్తుంది.

డీజే బాక్సులు వచ్చాక మేళానికి పిలుపులు తగ్గాయి. ఒక పుష్యమాసంలో, పెళ్ళిళ్ళు లేక అందరూ ఖాళీగా ఉన్నప్పుడు, ప్రేమయ్య కొత్త మాట తెచ్చాడు.

"బావా, ఇప్పుడు పెండ్లోళ్ళు మొదలు ఫోన్లో చూస్తాండారు, ఆ తర్వాతనే మాట్లాడతాండారు. మనం రిహార్సలు చేసేది రికార్డు చేసి పెట్టల్ల."

రిహార్సలుకు ఒక చోటు ఉంది. ఊరవతల జిన్నింగు మిల్లు వెనక పత్తి గోడౌను. వాచ్‌మన్ తెలిసినవాడు. తొమ్మిది మందీ పత్తి బేళ్ళ నడుమ నిలబడి వాయిస్తుంటే ప్రేమయ్య తన ఫోన్లో వీడియో తీశాడు. తర్వాత అందరూ తలలు దగ్గర పెట్టి విన్నారు.

"శానా బాగుండాది," అన్నాడు ప్రేమయ్య.

ఏసేపు మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి కూడా పెట్టించాడు. డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా ఫోను బెదిరిపోయి మొత్తం శబ్దాన్ని తొక్కేస్తోంది. ఆ తొక్కుడులో ముందు పోయేది క్లారినెట్టు.

"నేను యాడుండా ప్రేమయ్యా ఇందులో?"

"ఇదో, నడుమ నిలబడుకోని ఉండావు గదా బావా," అని ప్రేమయ్య వేలు పెట్టి చూపించాడు.

తక్కినవాళ్ళంతా నవ్వారు. ఏసేపు నవ్వలేదు. మైకు కొనాలన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన బామ్మర్దిని ఒకటి కావాలని అడగడం అదే మొదటిసారి. ప్రేమయ్య జేబులోంచి కొంత డబ్బు తీసి చేతిలో పెట్టి, "ఈ దుడ్లకు ఏది వస్తే అది తీస్కో బావా. నీకే తెలుసు," అన్నాడు.

కర్నూలులో భూపేష్ అనే అతనికి సౌండు సామాను దుకాణం ఉంది. కొత్తవి అమ్ముతాడు, పాతవి బాగుచేస్తాడు. తెలియని సంగతి తెలియదని చెప్పే మనిషి. ఏసేపు క్లారినెట్టు పెట్టె సంకన పెట్టుకుని పొద్దున బస్సుకే వెళ్ళి అతని ముందు కూర్చున్నాడు.

"బ్యాండు రిహార్సలుకు మైకు కావల్లప్పా. తక్కువలో."

భూపేష్ ముందుగా భజన మైకు తీసి పెట్టాడు. "ఇది మొండిదన్నా. కింద పడేసినా ఏం గాదు. డ్రమ్ము మీద పెట్టినా పగలకుండా తీసుకుంటాది."

"మోతను తట్టుకుంటాది, సరే. మెల్లగ ఉండేదాన్ని పట్టుకుంటాదా?"

"నోటికాడ పెట్టుకుంటే పట్టుకుంటాది."

తర్వాత చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు చూపించాడు. చాలా చవక. కానీ గుడ్డ రాపిడి, ఊపిరి బుసబుస, అన్నీ అందులో వినపడతాయని తనే చెప్పి పక్కన పెట్టేశాడు. మూడోది పెట్టెలోంచి తీసేటప్పుడే రెండు చేతులతో తీశాడు. పాటలు పాడేవాళ్ళు గదిలో పెట్టుకునే మైకు. పేరున్న కంపెనీది కాదు, అందుకే ధర అందుబాటులో ఉంది. దానికి కరెంటు అందించే చిన్న పెట్టె ఒకటి వేరే కావాలి.

"మాటకు ఇది బాగుంటాది. నీ దానికి ఎట్లుంటాదో నాకు తెల్దన్నా. ఒకసారి ఊదు, చూద్దాం."

ఏసేపు క్లారినెట్టు బిగించి, రీడు అనే పల్చటి రెల్లు బద్దను నోట్లో తడుపుకుని, పెదవులకు ఆనించాడు. భూపేష్ ట్రంపెట్టుకు పెట్టినట్టే మైకును గొట్టం కొనదగ్గర పట్టుకున్నాడు. కింది స్వరాలు ధుమధుమమని వచ్చాయి. పై స్వరాలు ఎక్కడికో పోయాయి.

"ఆడ కాదప్పా," అని ఏసేపు అతని చెయ్యి పట్టుకుని పైకి జరిపాడు. "ట్రంపెట్టుకు పాట కొనలోనుంచి వస్తాది. దీనికి ఏ బెజ్జం తెరిస్తే ఆ బెజ్జంలోనుంచే వస్తాది. ఇదో, నా వేళ్ళ ముందర, జానెడున్నర దూరంలో పెట్టు."

రెండోసారి ఊదగానే హెడ్‌ఫోన్లు పెట్టుకున్న భూపేష్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పాట అయ్యాక వాటిని తీసి ఏసేపు చెవులకు పెట్టి, తీసింది వినిపించాడు. ఏసేపు చివరిదాకా విన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేపలేదు.

"నీ దానికి ఇదే అన్నా," అన్నాడు భూపేష్. "అయితే ఒక మాట. ఇది శానా సున్నితం. పక్కన డ్రమ్ములు కొడతాంటే డ్రమ్ములే పట్టుకుంటాది. అందరినీ ఒకటేసారి తియ్యల్లంటే దూరంగా ఒక మైకు పెట్టి తీసేది, ఏదో ఒక మాదిరిగా వస్తాది. లేదంటే ఒక్కొక్కరిని యేరేగా తియ్యల్ల. మొదలు డ్రమ్ము. అది చెవుల్లో ఇంటా ట్రంపెట్టు. కడాకు నువ్వు. అన్నీ యేరేగా ఉంటే ఎవరిని కావల్లంటే వాళ్ళని పెంచొచ్చు. వొద్దనుకుంటే తీసెయ్యొచ్చు."

పెంచొచ్చు అన్న మాటదాకా ఏసేపుకు బాగా వినపడింది.

డ్రమ్ములకూ బాకాలకూ రెండు భజన మైకులు, క్లారినెట్టుకు ఆ సున్నితమైనది, దానికి కరెంటు అందిస్తూ కంప్యూటరుకు కలిపే పాత పెట్టె ఒకటి కొన్నాడు. ప్రేమయ్య ఇచ్చింది భజన మైకులకు సరిపోయింది. మిగతాది తన జేబులోంచి వేశాడు. ఇంట్లో చెప్పలేదు. కంప్యూటరు పని భూపేష్ తనే వచ్చి చేసిపెడతానన్నాడు, పాటకు ఇంత అని తక్కువలోనే మాట్లాడుకుని.

నాలుగు వారాలు గోడౌనులో పని సాగింది. పత్తి బేళ్ళ మధ్య ప్రతిధ్వని అన్నదే లేదు. మిల్లు ఆగిన మధ్యాహ్నాల్లో, ఆదివారం గుడి అయ్యాక, ఒక్కొక్కణ్ణి పిలిపించి బేళ్ళ నడుమ కూర్చోబెట్టి తీశారు. మొదట సైడు డ్రమ్ము బసవన్న. పాతికేళ్ళుగా ఏసేపు పక్కనే నడిచినవాడు.

"ఒక్కణ్ణే కొట్టల్లంటే సిగ్గయితాంది మాస్టరూ. పాటే లేకుండా ఎట్ల కొట్టేది?"

"పాట నా ముఖంలో చూసుకో," అని ఏసేపు అతని ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో క్లారినెట్టు లేకుండా, నోరు మెదపకుండా, ఒక్కో పాటనూ మొదటినుంచి చివరిదాకా కనుబొమ్మలతోనే నడిపించాడు. బసవన్న ఆ ముఖం చూస్తూ కొట్టాడు. అలా నలభై పాటలు. బసవన్న తర్వాత పెద్ద డ్రమ్ము, తర్వాత ట్రంపెట్లు, తర్వాత బాకా. తప్పు పోయినవాడిని తిట్టలేదు. "ఇది పెండ్లి కాదప్పా, మళ్ళీ కొట్టు," అనేవాడు. మోత కింద దాక్కుని ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చినవాళ్ళు, దాక్కోవడానికి చోటు లేక, మొట్టమొదటిసారి శ్రద్ధగా వాయించారు. ఏ ఊరేగింపులోనూ వాళ్ళు అంత బాగా వాయించి ఉండరు. ప్రేమయ్య మధ్యమధ్య వచ్చి, అన్నీ చూసి, "ఎన్నైనాయి బావా?" అని అడిగి వెళ్ళేవాడు.

చివరి వారం ఏసేపు ఊదాడు. చెవుల్లో తన మేళం మొత్తం మెల్లగా, చెప్పినమాట వింటూ నడుస్తోంది. పైన ఆయన క్లారినెట్టు ఒక్కటే. అంతకుముందు ఎన్నడూ లేని సన్న సన్న గమకాలు ఆ వారంలో ఆయన వేళ్ళలోంచి వచ్చాయి. వినేవాళ్ళు లేరని ముప్పై ఏళ్ళుగా మింగేసిన గమకాలు అవి.

అంతా కలిపిన పాటల్ని భూపేష్ బావకూ బామ్మర్దికీ ఫోన్లో పంపిన రోజు ఏసేపు ఉరుకుందమ్మను కూర్చోబెట్టి వినిపించాడు. ఆమె చెవిదగ్గర పెట్టుకుని ఒక పాట మొత్తం విన్నది.

"ఎట్లుండాది?"

"ఇంట్లో ఊదినట్లే ఉండాది గదా," అన్నది ఉరుకుందమ్మ. "నేనెప్పుడూ ఇనేది ఇదే గదా."

అంతకంటే పెద్ద మెప్పు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. ఆ క్షణంలో ఆయనకు అది మెప్పుగా తోచలేదు. ఊరంతా వినాలన్న ఆశ ముందు ఇంట్లో మనిషి వినడం ఏ మూలకు?

మాఘమాసం వచ్చింది. ముహూర్తాలు మొదలయ్యాయి. మేళానికి పిలుపు రాలేదు. ఏసేపు రెండుసార్లు అడిగితే ప్రేమయ్య, "యాడ బావా, అంతా డీజేలే. మనల్ని పిలిచేవాళ్ళు ఎవరుండారు?" అన్నాడు. ఏసేపు నమ్మాడు. నమ్మడం ఆయనకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, పాత బస్టాండు దగ్గర ఉల్లిగడ్డలు కొంటున్నాడు. ఎక్కడో క్లారినెట్టు వినపడింది. రెండు వీధుల అవతలనుంచి, ఆటోల హారన్ల మీదుగా, ప్రతి గమకమూ విడివిడిగా వినపడింది. ముందు, ఎవరబ్బా ఇంత బాగా ఊదుతున్నారు అనుకున్నాడు. తర్వాత పోల్చుకున్నాడు. అది తనే. ఉల్లిగడ్డలు అక్కడే వదిలి పరుగెత్తాడు. ఇది దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు: ఆ పరుగులో ఆయనకు పట్టలేనంత సంతోషం. మేడలమీద ఆడవాళ్ళు తల ఊపుతున్నారు. ఆటో ఆపుకున్న డ్రైవరు ఒకడు పక్కవాడితో, "క్లారినెట్టు భలే ఊదుతాండాడు రా," అంటున్నాడు.

మలుపు తిరిగాక ఊరేగింపు కనపడింది. ముందు ఒక బండిమీద మనిషెత్తు బాక్సులు, వెనక జనరేటరు. బాక్సుల ముందు ఎర్ర యూనిఫారాల్లో తొమ్మిది మంది. ఎవరూ ఏసేపు ఎరిగిన వాద్యగాళ్ళు కారు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలు. బాకాలు మూతికి ఆనించుకుని బుగ్గలు పూరిస్తున్నారు. డ్రమ్ముల మీద పుల్లలు ఆనీ ఆననట్టు ఆడిస్తున్నారు. చూడ్డానికి బ్యాండు, వినడానికి డీజే. నడుమ ఒకడు క్లారినెట్టు పట్టుకున్నాడు. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. అలా పట్టుకుంటే దాన్ని ఈ ప్రపంచంలో ఎవడూ ఊదలేడు. వీధిలో ఎవరికీ ఆ సంగతి తెలియలేదు.

ఏసేపు అరవలేదు, అడ్డం పడలేదు. ఊరేగింపు వెనకాలే నడిచాడు. కల్యాణమండపం గేటుదాకా నడిచి, పదకొండు పాటలు విని, ఇంటికి వెళ్ళి క్లారినెట్టు పెట్టె అటకమీద పెట్టేశాడు. మర్నాడు పొద్దున ముప్పావు గంట స్వరం ఆ ఇంట్లో వినపడలేదు. ఉరుకుందమ్మ భయపడి ఆయన నుదురు పట్టుకుని చూసింది.

ప్రేమయ్య దగ్గరికి వెళ్ళినప్పుడు అతను కాళ్ళుచేతులు పట్టుకుంటాడనుకున్నాడు ఏసేపు. ప్రేమయ్య కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు.

"బావా, అరవద్దు. తొమ్మిది మందిని పోషించే కాలం కాదిది. నేను మునిగితే నీకూ దోవ లేదు. బాక్సులు తెచ్చి బతికించుకుంటాండా."

"ఆ పాట నాది ప్రేమయ్యా."

"నీదే, కాదంటినా? ఊరంతా ఇంటాండారు గదా ఇప్పుడు. అదే గదా నీకు కావాల్సింది?" ప్రేమయ్య నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "అయినా ఒక్కొక్కరిని యేరేగా తీద్దామన్నది నువ్వే. నేనడిగింది ఒక్క వీడియో. ఫోన్లో తీసినదాంట్లో అందరూ గలగలమని కలిసిపోయి ఉండిరి. అది బాక్సుల్లో పెడితే చెవులు పగులుతాయి. నువ్వు తీసినది చూడు, ఎంత శుద్ధంగా ఉండాదో! ఇంత మంచి మైకు ఎవరు తెస్తారు బావా?"

ఏసేపు టీ తాగకుండానే లేచాడు.

తిరిగి వస్తుంటే బసవన్న బస్సుకోసం నిలబడి ఉన్నాడు. సంచి భుజాన ఉంది. బెంగుళూరులో కాంక్రీటు పనికి పోతున్నాడు. ట్రంపెట్టువాళ్ళలో ఇద్దరు ముందే పోయారు. ఏసేపు దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోబోతే బసవన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మాస్టరూ, ప్రేమయ్యను నేనేం అనను. వాడు వ్యాపారం చేసుకునేటోడు. నన్ను బేళ్ళ నడుమ కూర్చోబెట్టి కొట్టించినది నువ్వు. నీ ముఖం చూసి కొట్టినా నేను."

"నాకు తెల్దు బసవా. దేవుని తోడు, నాకు తెల్దు."

"నీ గొట్టం వినపడల్లని మా అందరి నోరు కొట్టినావు," అన్నాడు బసవన్న. తర్వాత బస్సు వచ్చేదాకా అటు తిరిగి నిలబడ్డాడు.

రెండు నెలలు గడిచాయి. ఏసేపు ఇంట్లోంచి బయటికి రావడం తగ్గించాడు. ఏ వీధిలో పెళ్ళి జరిగినా క్లారినెట్టు ఇంటిదాకా వచ్చేది. మొదట్లో తలుపు వేసుకునేవాడు. తర్వాత తలుపు వేసుకుని, లోపల నిలబడి వినేవాడు.

వైశాఖంలో ప్రేమయ్యే వచ్చాడు. ఆదోనిలో పెద్ద రైతుల ఇంట పెళ్ళి. క్లారినెట్టు పట్టుకున్న హమాలీ చేతుల్ని ఎవరో వీడియోలో పట్టేసి ఎగతాళి చేశారట. ఈ పెళ్ళికి ఆ మాట రాకూడదు.

"నువ్వు ఊరికే నిలబడు బావా. వేళ్ళు ఆడించు, చాలు. ఊదొద్దు. ఊదితే బాక్సుతో తగులుకుంటాది. పిలిచినందుకు ఏం ఇయ్యల్లో ఇస్తా."

ఉరుకుందమ్మ తమ్ముడిమీదికి చీపురు తీసింది. ఆమె జీవితంలో చేసిన మంచిపనుల్లో అదొకటి. కానీ ఏసేపు లేచి అటకమీదనుంచి పెట్టె దించాడు. ఎందుకు పోతున్నావని ఆమె ఏడుస్తూ అడిగితే ఇల్లు గడవాలి గదా అన్నాడు. అది అబద్ధం. ఆ పాట ఎక్కడుంటే అక్కడ ఉండాలని ఆయనకు ప్రాణం కొట్టుకుంటోంది. బిడ్డను ఎత్తుకుపోయినవాళ్ళ ఇంట్లోనే పనికి కుదిరిన మనిషి లాగా పోయాడు.

ఆదోనిలో సాయంత్రం అయిదు గంటలకు ఊరేగింపు కదిలింది. బాక్సులు పెట్టగానే వీధి అదిరింది. ఏసేపు క్లారినెట్టు పెదవులకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్కో స్వరానికీ సరైన వేలు ఎత్తుతూ దించుతూ నడిచాడు. మూడు పాటలయ్యాయి. నాలుగో పాటలో పెళ్ళికూతురి తాత కర్ర పోటేసుకుంటూ నేరుగా ఆయన దగ్గరికి వచ్చి చెయ్యెత్తాడు. పెద్దమనిషి ఆపమంటే ఆపాలి. ప్రేమయ్య బాక్సులు ఆపాడు.

"మాస్టరూ, ఇంట్లో కూర్చోని ఇంటాంటి. ఉండలేక బయటికి వచ్చినా," అన్నాడు ముసలాయన. "డెబ్భై ఎనిమిదేండ్లు నాకు. ఇంత బాగా ఊదినోణ్ణి నేను ఇనలేదప్పా."

ముప్పై ఏళ్ళలో ఒక మనిషి వచ్చి ఏసేపుతో నిన్ను విన్నానని చెప్పడం అదే మొదలు. ఏసేపు రెండు చేతులూ జోడించాడు.

ముసలాయన తన పెళ్ళినాటి పాట ఒకటి అడిగాడు. ప్రేమయ్య ఫోన్లో వెతికాడు. నలభై పాటల్లో అది లేదు. "అది రాదు పెద్దయ్యా," అనబోయాడు.

"వస్తాది," అన్నాడు ఏసేపు.

వీధిలో మోత ఆగింది. బాక్సులు లేవు, డ్రమ్ములు లేవు. వంద మంది చుట్టూ నిలబడి ఆయన్నే చూస్తున్నారు. ఏ పెళ్ళిలోనూ దొరకని అదృష్టం అది. ఏసేపు రీడు తడుపుకుని ఊదాడు.

రెండు నెలలుగా ఊదని పెదవులు. మూడో స్వరానికే రీడు కీచుమంది. ఆగి, మళ్ళీ ఎత్తుకున్నాడు. పాట వచ్చింది. పాటే వచ్చింది, తప్పు పోలేదు. కానీ బాక్సుల మోత విన్న చెవులకు ఆ ఒంటి గొట్టం దోమ పాడినట్టుంది. జనరేటరు గురగుర దానికంటే పెద్దగా ఉంది. గమకం దగ్గర ఊపిరి చాలక స్వరం వంగిపోయింది. పెదవి పక్కనుంచి గాలి పోతోంది. పెళ్ళికొడుకు స్నేహితులు ముఖాలు చూసుకున్నారు.

"ఇందాకటిదాకా బాగా ఊదె గదరా, ఇప్పుడేమొచ్చె ఈయప్పకు?" అన్నాడొకడు.

"సౌండే లేదు. బాక్సు పెట్టండప్పా!" అన్నాడు ఇంకొకడు.

ఏసేపు ఆపలేదు. కళ్ళు మూసుకుని రెండో చరణం ఎత్తుకున్నాడు. అప్పుడు ముసలాయన మెల్లగా ఆయన భుజంమీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఉన్నదంతా దయే.

"చాల్లేప్పా. అలిసిపోయినట్లుండావు. దీన్ని ఇడిసిపెట్టు, ఇందాక ఊదుతాంటివే, అదే ఊదు. అది శానా బాగుండాది."

ప్రేమయ్య బొటనవేలితో ఫోను నొక్కాడు. వీధి మొత్తం మళ్ళీ క్లారినెట్టుతో నిండింది. ముసలాయన జేబులోంచి నోటు తీసి, పెళ్ళికొడుకు తలచుట్టూ తిప్పి, ఏసేపు ఎర్ర కోటుకు పిన్నీసుతో గుచ్చి, అక్కడే కళ్ళు మూసుకుని నిలబడి విన్నాడు. పాట అయిపోయేదాకా ఏసేపు వేళ్ళు ఒక్కటి కూడా తప్పు పోలేదు.